తాండులకు ఒక్కరోజే గడువు

భిలాయి సెక్టార్లలోని పాత క్వార్టర్లలో వంటింటి తలుపు వెనక క్యాలెండర్ వేలాడదీయడం అలవాటు. పాలవాడి లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ, ఒకప్పుడైతే ఏ, బీ, సీ షిఫ్టుల గుర్తులు అన్నీ దాని మీదే. 2024 వేసవిలో ఒక రిటైర్డ్ ఫోర్‌మన్ ఇంట్లో ఆ క్యాలెండర్ మీద జూన్ 15 చుట్టూ ఎర్ర ఇంకుతో రెండు సున్నాలు పడ్డాయి. మొదటిది ఏప్రిల్‌లో ఆయన గీసింది. అది సరిగా కనబడటం లేదని పది రోజుల తర్వాత మళ్లీ ఆయనే రెండోది గీశారు.

"ఏటండీ ఆరోజు? ఏకాదశి కూడా కాదే" అని భార్య అడిగారు.

"చేపలకెళ్లాలి" అన్నారాయన.

ఆమె ఇంకేమీ అడగలేదు. పెళ్లయిన కొత్తలో వారాంతపు సెలవు ఏ రోజు పడితే ఆ రోజు ఆయన తెల్లవారకముందే సైకిల్‌కి వెదురు కర్ర కట్టుకుని మాయమయ్యేవారు. ఆ కాలం అయిపోయిందనుకున్నారామె. మోకాళ్లు అరిగాయి, ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, బజారుకు వెళ్లి చేపలు కొనడమే ఆయనకిప్పుడు పెద్ద ప్రయాణం. ఈ ఎర్ర సున్నా వెనక ఉన్నది చేపలు కాదు, కొడుకు అని ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆయనకు 71 ఏళ్లు. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఊరు. 1931లో తెరిచిన రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం ఉత్తరాంధ్ర పల్లెల్ని ఛత్తీస్‌గఢ్‌కు దగ్గర చేసింది. సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారంలో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకున్నాక ఆ రైళ్లలో వచ్చినవాళ్లు వేలమంది. వాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడతారు. తిట్టాల్సివస్తే రెండూ కలుపుతారు. ఆయన 1975లో వచ్చి రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లులో చేరారు. 38 ఏళ్లు ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెలు రైలుపట్టాలుగా సాగుతుంటే చూస్తూ గడిపారు. 2013లో రిటైరయ్యారు.

కొడుకు అమెరికాలో ఉంటాడు. మిన్నెసోటాలో ఉద్యోగం, భార్య, పదకొండేళ్ల కొడుకు. మూడేళ్ల కిందట మే నెలలో వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. చలికోటు, రబ్బరు బూట్లు, చేతిలో బంగారు రంగు చేప, వెనక అవతలి ఒడ్డు కనబడనంత పెద్ద సరస్సు. ఆ రాత్రి ఫోన్లో "నాన్నా, వాలై పట్టాను" అన్నాడు.

"వాలుగా? అక్కడ వాలుగ ఎక్కడిదిరా?"

కొడుకు నవ్వాడు. వాలుగ కాదు, వాలై. మిన్నెసోటా 1965లోనే దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. పిల్లికన్నులా లోపల వెలుతుర్ని తిప్పికొట్టే పొర ఉండటంతో మసక చీకట్లో దాని కన్ను మెరుస్తుంది. మిగతా చేపలకు దారి కనబడని వేళ అది వేటకు బయల్దేరుతుంది. చలికాలమంతా గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు కన్నం పెట్టి పట్టేవాళ్లు కొందరు. మంచు కరిగాక తెరిచిన నీటి మీద పడవలో తిరిగి పట్టడమే అసలు వేట అనేవాళ్లు ఇంకొందరు. కొడుకు రెండో రకం. ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన మిల్ లాక్స్ అనే సరస్సు మీదికి తీసుకెళ్లి, గాలం విసరడం నేర్పాడట. 

"మణికట్టు తిప్పాలి నాన్నా, భుజం కాదు. ఆయన ఎంత ఓపిగ్గా నేర్పాడో తెలుసా?"

తండ్రి ఫోన్ పెట్టేశాక చాలాసేపు వరండాలో కూర్చున్నారు. మణికట్టు సంగతి ఆయనకు కొడుకు పుట్టకముందు నుంచీ తెలుసు.

1986 ఆషాఢంలో ఒకరోజు మిల్లులోని నలుగురు మిత్రులతో ఆయన తాండుల రిజర్వాయర్‌కు బయల్దేరుతుంటే ఆరేళ్ల కొడుకు గుమ్మంలో నిలబడి తనూ వస్తానన్నాడు. వచ్చే ఆదివారం అన్నారు. ఆ ఆదివారం నైట్ షిఫ్టు పడింది. తర్వాతి వేసవి అన్నారు. ఆ తర్వాత పదో తరగతి, ఆపైన ఐఐటీ. తొంభైల్లో భిలాయి పిల్లల బాల్యంలో పెద్ద ముక్క కోచింగ్ గదుల్లోనే కరిగిపోయింది. ఊరు ర్యాంకులు లెక్కపెట్టుకుని మురిసిపోయింది. ఆ మురిపెంలో ఆయనదీ వాటా ఉంది. "పరీక్షలయ్యాక వెళ్దాం" అన్న మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినబడిందో లెక్కలేదు. పరీక్షలన్నీ అయ్యేసరికి కొడుకు చేతిలో వీసా ఉంది. ఇంతకీ అతనికి చేపలు పట్టడం నేర్పింది ఒక పరాయి తండ్రి. ఆయన ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఎర్ర ఇంకు మాత్రం తెచ్చుకున్నారు.

*

వాలై, వాలుగ అనే పేర్ల పోలిక కాకతాళీయమే. వాలై పెర్చ్ తెగది, వాలుగ జెల్లల తెగది. కానీ వాలుగ కథ తెలుసుకుంటే తెలుగువాళ్లు కాస్త మీసం తిప్పవచ్చు. పాట్రిక్ రసెల్ అనే దొర విశాఖపట్నంలో సేకరించిన రెండొందల చేపల బొమ్మలు, వివరాలతో 1803లో పుస్తకం అచ్చేశాడు. స్థానికులు చెప్పిన పేర్లను చెప్పినట్టే రాసుకున్నాడు. అందులోని వాలుగే తర్వాత శాస్త్రవేత్తల చేతిలో పడి 'వల్లగో' అనే ప్రజాతి పేరయింది. 'అట్టు' అనే రెండో ముక్క తమిళుల ఆట్రు వాళై నుంచి వచ్చింది. అలా ప్రపంచమంతా లాటిన్ అనుకునే 'వల్లగో అట్టు'లో సగం ఉత్తరాంధ్ర, సగం తరంగంబాడి. ఛత్తీస్‌గఢ్‌లో దాన్ని పఢీన్ అంటారు. వాలుగంటి అనే మాటను ఈ చేపతో ముడిపెట్టేవాళ్లున్నారు గానీ, అలా పడతుల్ని పొగిడినవాళ్లు దాని మొహం దగ్గరగా చూసి ఉండరు. కన్ను చొక్కా బొత్తామంత. నోరు మాత్రం చెవుల దాకా అన్నట్టుంటుంది, నిండా పళ్లు. మీటరు దాటి పెరుగుతుంది. వాలై లాగే పగలు బద్ధకంగా పడుకుని సందెవేళ తిండికి లేస్తుంది. కొడుకు చేపకు జవాబు చెప్పగలది ఈ ప్రాంతంలో ఇదొక్కటేనని ఆయన తీర్మానం.

ఎక్కడ అనేది తర్వాతి ప్రశ్న. టౌన్‌షిప్ పక్కనే మరోదా చెరువుంది. అది కర్మాగారానికి నీళ్లు నిలవచేసే చెరువు. అక్కడ గాలంతో కనబడితే పాత ఉద్యోగి అని కూడా చూడకుండా సెక్యూరిటీవాళ్లు పంపేస్తారు. ఇక గంగ్రేల్. ధమ్తరి దగ్గర మహానది మీద 1970ల చివర్లో పూర్తయిన రవిశంకర్ సాగర్, దాదాపు 32 టీఎంసీలు. నిండినప్పుడు సముద్రమే. పడవ షికార్లు, గుడిసె హోటళ్లు, ఒడ్డున అంగారమోతి గుడి, అన్నీ ఉన్నాయి. మనవడికి నచ్చుతుంది. కానీ భిలాయి నుంచి వంద కిలోమీటర్లకు అటూఇటూ. పైగా ఆ నీళ్ల అడుగున ఊళ్లున్నాయి. మునిగిన ఊళ్లవాళ్లు పునరావాసం కోసం దశాబ్దాలపాటు కోర్టుల చుట్టూ తిరిగారు. కర్మాగారం తాగే నీళ్లలో గంగ్రేల్ నీళ్లూ ఉన్నాయని ఆయనకు తెలుసు గనుక అక్కడ సరదాకి తెడ్డు వేయడమంటే ఆయనకు మనసొప్పదు.

మిగిలింది తాండుల. బాలోద్ పట్టణం పక్కన తాండుల, సూఖా వాగుల సంగమం మీద బ్రిటిష్‌వాళ్లు కరువు కాలాల కోసం కట్టిన మట్టికట్ట. ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో మొదలై 1921 నాటికి పూర్తయింది. పదిన్నర టీఎంసీల పైచిలుకు. దుర్గ్ వైపు పొలాలకు పారిన కాలువే ఉక్కు వచ్చాక కర్మాగారానికీ దాహం తీర్చింది. రోలింగ్ మిల్లులో ఎర్రటి ఇనుము మీద పడి బుస్సుమన్న నీళ్లలో చాలా భాగం అక్కడి నుంచి వచ్చినవే. దుర్గ్ నుంచి గుండర్‌దేహీ మీదుగా అరవై కిలోమీటర్ల దారి. ఆయన పాత సైకిల్ రోజుల్లో దుర్గ్ స్టేషన్లో దల్లీ రాజహరా బండెక్కి బాలోద్‌లో దిగేవారు. ఇప్పుడూ బండి ఉంది. మోకాళ్ల సంగతి చూసుకుని కారే అన్నారు ఇంట్లో.

కొడుకు ఫోన్లో సోనార్ గురించి అడిగాడు. మిల్ లాక్స్ మీద ప్రతి పడవలోనూ నీటి అడుగున చేపల్ని చూపించే తెర ఉంటుందట. "ఇక్కడ వెదురు గెడ ఉంటుంది" అన్నారు తండ్రి. నిజానికి జూన్‌లో తాండులకు సోనార్ అక్కర్లేదు. వేసవి సాగుకూ, ఊళ్లకూ, కర్మాగారానికీ పంచి పంచి నీళ్లు దిగిపోతాయి. మిగిలిన నీరంతా పాత ఏటి గర్భంలో చేరుతుంది. రెండు వాగులూ ఎక్కడ కలిసేవో, గట్టు కట్టకముందు మడుగులు ఎక్కడుండేవో అక్కడి కేవట్‌లకు, ధీమర్‌లకు తాతల నాటి లెక్క. గెడ దించితే అడుగు బురదా ఇసకా అన్నది చేతికి తెలుస్తుంది. ఇసక మీద నుంచి బురదలోకి దిగే అంచున పఢీన్ పడుకుంటుందని ఆయన పాత మిత్రుడు చెప్పేవాడు.

ఆ మిత్రుడు ఒకప్పుడు మిల్లులో కాంట్రాక్టు మీద రిగ్గర్. బాలోద్ దగ్గర జాలరి కుటుంబం. కాంట్రాక్టు పోయాక ఊరికి తిరిగెళ్లి పడవ ఎక్కాడు. రిజర్వాయర్లో చేపల హక్కు లీజు ఎవరికుంటే వాళ్లది. సరదాకి గాలం వేసినా వాళ్లను అడిగే వేయాలి. ఆ మాట మాట్లాడిపెట్టే పని మిత్రుడు నెత్తినేసుకున్నాడు. పడవ కూడా తనదే ఇస్తానన్నాడు. ఛత్తీస్‌గఢీలో పడవను డోంగా అంటారు. ఫోన్లో "నా డోంగా ఉండగా మీకేం భయం సాహెబ్" అన్నమాట విని, పక్కనే ఉన్న భార్య "ఎవర్నండీ దొంగ అంటున్నాడు?" అని అడిగారు. యాభై ఏళ్లు ఇక్కడున్నా ఆమె హిందీ ఇంటి గేటు దాకానే.

ఆమె షరతులు మూడు. పిల్లాడికి లైఫ్ జాకెట్ లేకుండా పడవలో కాలు పెట్టనివ్వకూడదు. ఉదయం తొమ్మిది దాటాక నీటి మీద ఉండకూడదు, ఎందుకంటే జూన్‌లో ఎండ నలభై దాటి, మధ్యాహ్నానికల్లా ఎక్కడి నుంచో ఈదురుగాలి లేచి పిడుగులు పడతాయి. పట్టిన చేపను ఇంటికి తెచ్చి ఆమె చేత శుభ్రం చేయించకూడదు. మూడోదానికి ఆయన అభ్యంతరం చెప్పబోయి ఊరుకున్నారు. జాకెట్లు నాలుగు ఆన్‌లైన్లో తెప్పించారు. ఒకటి మిత్రుడికి. అతను నలభై ఏళ్లుగా అలాంటిది వేసుకోలేదు, వేసుకుంటాడన్న నమ్మకమూ లేదు.

గాలం సామాను అటక మీద రేకుపెట్టెలో ఉంది. అందులో ఒక నెవ్‌స్కాయా రీలు. ఎనభైల్లో కర్మాగారాన్ని 40 లక్షల టన్నులకు విస్తరించేటప్పుడు వచ్చిన ఒక రష్యన్ నిపుణుడు తిరుగుప్రయాణంలో ఇచ్చిపోయిందది. అరచేతి వెడల్పు గుండ్రటి డ్రమ్ము, రెండు పిడులు. కొత్తకాలపు రీళ్లలా తనంతట తను సర్దుకోదు. విసిరేటప్పుడు బొటనవేలు అంచుకు ఆనించి దాని వేగాన్ని అదుపు చేయాలి. లేకపోతే దారం కాకిగూడయి కూర్చుంటుంది. ఆయన దాన్ని కిరసనాయిల్లో నానబెట్టి, కుట్టుమిషను నూనె వేసి, కొత్త నైలాన్ దారం చుట్టారు. వాలుగ పళ్లకు దారం ఆగదు కాబట్టి చివర జానెడు ఉక్కుతీగ. మే నెలంతా సాయంత్రం ఆరింటికి సెక్టార్ పార్కులో ఆయన కనబడేవారు. దారానికి గాలం బదులు ఒక ఇనుప నట్టు కట్టి గడ్డి మీదికి విసిరేవారు. మొదటివారం నట్టు ఆయన వెనక్కే పడింది. పిల్లలు క్రికెట్ ఆపి లెక్కపెట్టేవాళ్లు. నెలాఖరుకు ఇరవై రెండు అడుగుల దూరం, పాదంతో కొలిచిన అడుగులు కాదు, అంగలు.

*

ఇదంతా జూన్ 15నే ఎందుకన్నది ఇక చెప్పాలి. ఛత్తీస్‌గఢ్‌లో 1972 నాటి నదీయ మత్స్యోద్యోగ చట్టం కింద ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా బంద్ రుతువు. నదులు, వాగులు, వాటి మీద కట్టిన పెద్దాచిన్నా రిజర్వాయర్లలో ఏ రకంగానూ చేప పట్టకూడదు. పంజరాల్లో పెంచేవాటికి, ఏ వాగుతోనూ సంబంధం లేని చెరువులకు మాత్రం మినహాయింపు. మీరితే ఏడాది దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. తొలకరి వరద నీటిలో చేపలు ఎదురెక్కి పల్లపు గడ్డిలో గుడ్లు పెట్టే కాలమది. సముద్రం మీది లెక్క వేరు. తూర్పుతీరంలో మరపడవల నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. అంటే ఆయన స్వగ్రామం వైపు పడవలు 61 రోజుల తర్వాత సముద్రంలోకి వెళ్లే జూన్ 15వ తేదీనే, ఇక్కడ మంచినీటిలో చివరి వేట రోజు. రెండు తలుపుల మధ్య ఒక్క రోజు. ఆయనకది శుభశకునంలా తోచింది.

అమెరికాలో మనవడి బడి జూన్ రెండోవారంలో గానీ మూయరు. కొడుకు మొదట 22న వచ్చేలా టిక్కెట్లు చూశాడు. తండ్రి ముందుకు జరపమన్నారు. ఎందుకని అడిగితే చెప్పారు. అవతల కాసేపు మౌనం.

"నాన్నా, ఒక్కరోజు చేపల కోసం మనిషికి రెండొందల డాలర్లు ఎక్కువవుతుంది."

"నేనిస్తాను."

"డబ్బు గురించి కాదు..."

"డబ్బు గురించేగా అన్నావు."

వారం రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. తల్లి మధ్యలో ఎవరికి ఏం చెప్పిందో తెలియదు. టిక్కెట్లు 14వ తేదీ రాత్రికి మారాయి.

ఈలోగా ఉచిత సలహాలకు కొదవలేదు. పక్కవీధి మిత్రుడొకాయన, ఈయనలాగే రిటైరయినవాడు, "బంద్ వలలకండీ, గాలానికి కాదు. జులైలో వెళ్లండి. చినుకుపడ్డాక వాలుగ ఎగబడి కొరుకుతుంది" అన్నాడు. ఆయన మత్స్యశాఖకు ఫోన్ చేసి అడిగారు. ఏ రకంగానూ అంటే ఏ రకంగానూ అనే జవాబు వచ్చింది. పక్కవీధి మిత్రుడు ఒప్పుకోలేదు. "చూసేదెవడు?" అన్నాడు. ఆ మాటా నిజమే. రెండు జిల్లాల నీటి మీద కాపలా కాసే మనుషులు ఎందరుంటారు?

ఆయనకు గుర్తొచ్చింది 1986. కొడుకును గుమ్మంలో వదిలేసి వెళ్లిన ఆ ఆషాఢపు రోజున, సూఖా వాగు తాండులలో కలిసేచోట మోకాటిలోతు ఎర్రనీళ్లలో వాళ్లకు వాలుగ దొరికింది. గాలం కూడా అక్కర్లేకపోయింది, గడ్డిలో ఇరుక్కుని ఉంటే తుండుగుడ్డ వేసి పట్టారు. పొట్ట కోస్తే తట్టెడు గుడ్లు. నలుగురూ పంచుకున్నారు. ఆ రాత్రి ఇంట్లో గుడ్ల వేపుడు. కొడుకు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. చట్టం అప్పటికే పద్నాలుగేళ్ల పాతది. ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. ఇప్పుడు మిత్రుడు ఫోన్లో చెప్పేదేమిటంటే, చేతిపొడుగు పఢీన్ చూసి మూడేళ్లయింది. ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఐయూసీఎన్ ఆ చేపను ముప్పుకు గురయ్యే (వల్నరబుల్) జాతుల్లో చేర్చింది. నలుగురు మిల్లువాళ్లు తిన్న ఒక్క చేపవల్ల అలా జరిగిందని ఎవరూ అనరు. కానీ ప్రతి ఊళ్లోనూ నలుగురుంటారు.

"మాకు రెండు నెలలు సగం పస్తు సాహెబ్. పొదుపు పథకం డబ్బు కొంత వస్తుంది, రాదు అనను. మాకే ఆగమని చెప్పి మీరు గాలం పట్టుకొస్తే మా కుర్రాళ్లు ఊరుకుంటారా?" అన్నాడు మిత్రుడు. జూన్ 15 సాయంత్రం దాకా అయితే తన పడవ, తను సిద్ధం. పదహారు పొద్దున పడవ గట్టెక్కి బోర్లా పడుకుంటుంది.

మిన్నెసోటాలోనూ ఇలాంటిదే ఉందని కొడుకు చెప్పాడు. అక్కడ ఫిబ్రవరి చివర నుంచి మే దాకా చాలా నీళ్లలో వాలై పట్టకూడదు. 2024లో మే 11న తలుపు తెరిచారు. మిల్ లాక్స్‌లో ఆ వేసవి ఒక్కొక్కరికి ఒక్క చేపే, అదీ చెప్పిన కొలతల్లో ఉంటేనే, లేకపోతే నీళ్లలోకి వదిలేయాలి. ఆ సరస్సు మీద ఓజిబ్వే ఆదివాసుల హక్కు 1837 నాటి ఒప్పందం. అది ఇంకా చెల్లుతుందని 1999లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పేదాకా తెల్లవాళ్లకూ వాళ్లకూ ఒడ్డున కొట్లాటలే. నీళ్లున్న ప్రతిచోటా ముందు ఎవరు, ఎన్ని, ఎప్పుడు అన్న తగువు ఉంటుంది కాబోలు. మనవడు ఫోన్ లాక్కుని, "తాతయ్యా, చిన్నదైతే వదిలేస్తాం కదా?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. "పెద్దదైనా పొట్టతో ఉంటే వదిలేద్దాంరా" అన్నారు తాత. ఆ నిర్ణయం అంతకుముందు ఆయనలో లేదు. నోట్లోంచి వచ్చాక ఖాయమైంది.

*

షికాగోలో గాలివాన. విమానం నాలుగున్నర గంటలు కదల్లేదు. ఢిల్లీలో రాయ్‌పూర్ విమానం దాటిపోయింది. 14 రాత్రి పదకొండింటికి కొడుకు ఎక్కడి నుంచో ఫోన్ చేసి, "నాన్నా, రేపు సాయంత్రానికి గానీ చేరలేం" అన్నాడు. కారు అప్పటికే వాకిట్లో ఉంది. చద్దన్నం కోసం అన్నంలో పెరుగు కలిపి పెట్టారు భార్య. నాలుగు నారింజ రంగు జాకెట్లు సోఫా మీద వరసగా, నలుగురు మనుషులు కూర్చున్నట్టు ఉన్నాయి.

15 సాయంత్రం ఏడింటికి మానా విమానాశ్రయం నుంచి వాళ్లు ఇంటికి చేరారు. ఎర్ర సున్నాలో ఇంకా ఐదు గంటలు మిగిలే ఉన్నాయిగానీ వాటితో చేసేదేమీ లేదు. పక్కవీధి మిత్రుడు వచ్చి పలకరించి, వెళ్తూ వెళ్తూ ఆయన చెవిలో, "రేపు ఆదివారం. తెల్లారగట్ల వెళ్లి రండి. ఒక్కరోజు తేడాకి చేపకేం తెలుస్తుంది" అన్నాడు. ఆయన జవాబు చెప్పలేదు. కొడుకు విన్నాడు.

రాత్రి భోజనాలయ్యాక కొడుకు అడిగాడు. "వెళ్దామా నాన్నా?"

అతను ఏ ఉద్దేశంతో అడిగాడో ఆయనకు అర్థం కాలేదు. అతని కోసమే అడుగుతున్నాడా, తన కోసమా? నాలుగొందల డాలర్ల పైన పోసి కొన్న ఒక్కరోజు చేజారింది. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందటి మాట ఒకటి ఇంకా బాకీ ఉంది. బాలోద్‌లో మిత్రుడు పడవ బోర్లా వేసుకుని ఉంటాడు.

"వెళ్దాం. గాలాలు పెట్టెలోనే ఉంచు" అన్నారు.

16వ తేదీ పొద్దున ఆరింటికల్లా ముగ్గురూ తాండుల గట్టు మీద ఉన్నారు. నీళ్లు ఎక్కడో దూరంగా, మధ్యలో పగిలిన బురద, దాని మీద కొంగలు. బోర్లించిన డోంగాల మధ్య కూర్చుని మిత్రుడు, మరో ఇద్దరు వల చిరుగులు కుడుతున్నారు. రీలును, దారం చివరను చూశాడతను. గాలం లేదు, నట్టు ఉంది. నవ్వి బీడీ వెలిగించుకున్నాడు. డిసెంబర్‌లో రమ్మన్నాడు. అప్పటికి నీళ్లు గట్టు దాకా ఉంటాయి, పఢీన్ మాత్రం చలికి బద్ధకిస్తుంది, రెండు మూడు రోజులు చేతిలో పెట్టుకుని రండి అన్నాడు. కొడుకు ఫోన్ తీసి అక్కడే సెలవుల లెక్క చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఆయన నెవ్‌స్కాయా రీలును మొదట కొడుకు చేతికిచ్చారు. అలాంటిది అతనెప్పుడూ పట్టుకోలేదు. మొదటి విసురుకే దారం కాకిగూడయింది. తండ్రి పక్కన గొంతుక్కూర్చుని గోళ్లతో ఒక్కో చిక్కూ విడదీస్తూ, "బొటనవేలు... అంచుకి ఆనించు. నొక్కకు, ఆనించు" అన్నారు. రెండోసారీ చిక్కే. అయిదోసారికి నట్టు బురద మీద టప్పున పడింది. తర్వాత మనవడి వంతు. తాత వెనక నిలబడి వాడి బొటనవేలి మీద తన వేలు పెట్టారు. నట్టు లేచి వంపు తిరిగి కిందపడితే వాడు పరుగెత్తికెళ్లి అంగలు లెక్కపెట్టుకుంటూ వెనక్కొచ్చాడు. పదకొండు. మళ్లీ విసురుతానన్నాడు.